గోరుకు తగలని గీతకు రంగెందుకు? ఆటోనగర్‌లో కారు గీతల మరమ్మతుపై ఒక సమీక్ష

కారు మీద గీత పడిందని పెయింటింగ్ షెడ్డుకు తీసుకువెళితే మన ఊళ్లలో చాలాచోట్ల వినిపించే మొదటి మాట ఒక్కటే: "ప్యానెల్ మొత్తం వేసేద్దామండీ." అంటే గీత పడిన బాడీ భాగమంతటికీ కొత్త రంగు. ఆ గీత ఎంత లోతుంది, ఏ పూత దాకా దిగింది, చుట్టూ ఉన్న కంపెనీ పెయింట్ ఎలా ఉంది అన్న ప్రశ్నలు ఆ తరవాతైనా రావు. విజయవాడ ఆటోనగర్‌లో ఈమధ్య నా కారుకు పని చేసిన ఒక మధ్యస్థాయి షెడ్డు గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం, అక్కడ ముందుగా ఆ ప్రశ్నలే వచ్చాయి. పనిలో నాకు ఎంతో నచ్చిన భాగాలున్నాయి, అసలు నచ్చనివీ ఉన్నాయి. లోపాలు కూడా చెప్పబోతున్నాను గనక షెడ్డు పేరు రాయడం లేదు. చదివినవారు తమ ఊళ్లోని షెడ్డును ఇవే ప్రశ్నలతో పరీక్షించి చూసుకోవచ్చు.

కారు మారుతి స్విఫ్ట్. రంగు కంపెనీ లెక్కలో సిల్కీ సిల్వర్, కోడ్ జెడ్2ఎస్. దెబ్బలన్నీ ఎడమవైపే ఉన్నాయి. రెండు తలుపుల మీద బైకు హ్యాండిల్ రాసుకుపోయినట్టు సన్నని గీతలు కొన్ని, వెనక చక్రం దాటిన తరవాత బంపర్ వైపు ఇనుప చువ్వతో గీసినట్టున్న జానెడు పొడవు గాటు ఒకటి, దాని పక్కనే ఎవరి బండిదో పసుపు రంగు అంటుకుని గరుకుదేలిన బంపర్ మూల. చూడ్డానికి మూడూ ఒకే ప్రమాదంలో తగిలిన దెబ్బల్లా ఉన్నా, మరమ్మతు దృష్టితో అవి ఒకదానితో ఒకటి పోలిక లేని మూడు పనులు. అంతకుముందు నేను అడిగిన మరో రెండు చోట్ల మూడింటికీ ఒకే మందు చెప్పారు: రెండు తలుపులు, వెనక ప్యానెల్, బంపర్, అన్నిటికీ రంగు.

అలా వద్దని ఎందుకు అనుకున్నానో చెప్పాలంటే కారు పెయింట్ ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి. ఫ్యాక్టరీలో రేకు బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో పట్టించే తుప్పు నిరోధక పూత అన్నిటికంటే అడుగున ఉంటుంది. దాని మందం సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని మీద రంగు పట్టడానికి వేసే 30, 40 మైక్రాన్ల ప్రైమర్, ఆపైన 15 నుంచి 20 మైక్రాన్ల అసలు రంగు, అన్నిటికంటే పైన 35 నుంచి 50 మైక్రాన్ల పారదర్శకమైన క్లియర్ కోటు. అన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఏడో వంతు వరకు. మనం మురిసిపోయే నిగనిగ, ఎండను తట్టుకునే శక్తి, వాన నీటి నుంచి రేకుకు రక్షణ అన్నీ ఆ కాస్త మందంలోనే ఉన్నాయి. ఫ్యాక్టరీలో పై పూతలను సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. సీట్లు, వైర్లు, ప్లాస్టిక్ భాగాలు బిగించిన కారును ఏ షెడ్డులోనూ అంత వేడిలో పెట్టలేరు గనక, అక్కడ పూతను గట్టిపరిచే హార్డెనర్ కలిపిన రంగులు వాడి, 60 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెడతారు. అలా వేసిన రంగు చెడ్డదని నేను అనను. శ్రద్ధగా వేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. అయితే మంచి స్థితిలో ఉన్న కంపెనీ పెయింట్‌ను తడిపి రుద్దే గరుకు కాగితంతో, అంటే వాటర్ పేపరుతో గీకి, దాని స్థానంలో దీన్ని వేయడం అవసరం లేని నష్టం. పాత కార్లు కొనేవారు ఇప్పుడు మందం కొలిచే మీటరుతో వస్తున్నారు. ఒక తలుపు దగ్గర అంకె మిగతా చోట్ల కంటే రెట్టింపు కనిపిస్తే, అది గీతకు వేయించిన రంగా, పెద్ద ప్రమాదాన్ని కప్పిపుచ్చిన రంగా అన్న అనుమానం ధరలో తేలుతుంది.

ఈ షెడ్డులో కారు చేరగానే ధర చెప్పలేదు, ముందు కడిగారు. దుమ్ము మీద చూస్తే ప్రతి గీతా లోతుగానే కనిపిస్తుంది. తరవాత మేస్త్రీ గారు గోరును గీతకు అడ్డంగా మెల్లగా లాగి చూశారు, ఆపైన వేళ్లతో కాస్త నీళ్లు చిలకరించారు. క్లియర్ కోటులోనే ఆగిన గీత తడిసినప్పుడు దాదాపు కనిపించకుండా పోతుంది, నీరు ఆరగానే మళ్లీ తేలుతుంది. రంగు దాకా, ప్రైమర్ దాకా దిగిన గీత తడిలో కూడా తెల్లగానో బూడిద రంగులోనో నిలిచే ఉంటుంది. తలుపుల మీది గీతల్లో ఒకటి తప్ప అన్నీ తడిలో మాయమయ్యాయి. "గోరుకు తగలడం లేదండీ, దీనికి రంగెందుకు?" అన్నారాయన. నేను ఈ షెడ్డుకు పని ఇవ్వడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

మందం కొలిచే మీటరు కూడా వాడారు. తలుపుల మీద అది 110, 120 మైక్రాన్ల దగ్గర చూపింది గనక అక్కడ ఉన్నది కంపెనీ పెయింటేనని తేలింది. ఇక్కడ చాలామంది కారు యజమానులకు తెలియని విషయం ఒకటుంది. ఆ మీటరు రేకు మీద ఉన్న పూతల మొత్తం మందాన్నే చెబుతుంది, అందులో క్లియర్ కోటు వాటా ఎంతో విడిగా చెప్పదు. పైగా ప్లాస్టిక్ బంపర్ మీద ఈ రకం మీటరు పనిచేయదు. అందువల్ల గీతను తీయడానికి ఎంత అరగదీయవచ్చు అన్నది చివరికి అనుభవం చెప్పాల్సిన మాటే. మీటరు చూపించి అంతా శాస్త్రీయమే అని నమ్మబలికే చోట ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఎదుటివారికి పని ఎంత తెలుసో అర్థమవుతుంది.

తలుపుల పని నా కళ్ల ముందే జరిగింది, ఆ పనితనానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. తలుపు అంచులకు, బాడీ మీద ఉబ్బెత్తుగా సాగే గీత వెంబడి ముందుగా టేపు అంటించారు, ఎందుకంటే అంచుల దగ్గర పెయింట్ సహజంగానే పలచగా ఉంటుంది, మెషీన్ ఒత్తిడి కూడా అక్కడే ఎక్కువగా పడుతుంది. పాలిషింగులో రంగు తేలిపోయే ప్రమాదాలు ఎక్కువగా అంచుల మీదే జరుగుతాయి. గోరుకు కొద్దిగా తగిలిన ఆ ఒక్క గీత దగ్గర మాత్రం, అదీ నాలుగు వేళ్ల మేర, 2000 నంబరు వాటర్ పేపరుతో సబ్బు నీళ్లు పోస్తూ తేలిగ్గా రుద్ది, ఆపైన 3000 నంబరుతో నునుపు చేశారు. తక్కినవాటికి పేపరు ముట్టుకోనే లేదు, కాంపౌండ్ అనే పాలిష్ ముద్ద, మెషీన్, ఫోమ్ ప్యాడ్ సరిపోయాయి. ఆ పేపరు పెట్టిన గీత కూడా నూటికి నూరు పాళ్లు పోలేదు. వెలుతురుకు ఒక కోణంలో వంగి చూస్తే సన్నని నీడలా తెలుస్తుంది. పూర్తిగా పోయేదాకా రుద్దితే క్లియర్ కోటు మరీ పలచబడి, రెండు మూడు వేసవుల్లో అక్కడ మసకబారి పొరలు లేస్తుందని చెప్పి ఆపేశారు. ఎండ నుంచి రంగును కాపాడే పదార్థాలు క్లియర్ కోటులోనే ఉంటాయి గనక ఆ నిర్ణయం సరైనదే. విజయవాడ ఎండలు ఎరిగినవారెవరూ దీన్ని కాదనరు.

పాలిషింగు పేరుతో జరిగే ఒక మోసం గురించి ఇక్కడే చెప్పాలి. కొన్ని కాంపౌండ్లలో, పాలిష్‌లలో గీతను నింపి కప్పేసే నూనెలు, మైనాలు ఉంటాయి. కారు అప్పగించిన రోజు గీతలన్నీ పోయినట్టే ఉంటుంది, కొన్ని వాషులయ్యాక అన్నీ తిరిగి వస్తాయి. దీనికి పరీక్ష చాలా సులువు. పాలిష్ చేసిన చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, ఎండలోకి తెచ్చి చూడాలి. నింపుడు పదార్థం ఉంటే అది తుడుచుకుపోయి అసలు గీత బయటపడుతుంది. ఈ షెడ్డులో నేను అడగకముందే ఆ పని చేసి, కారును ట్యూబులైట్ల కింద నుంచి బయటికి తెచ్చి ఎండలో చూపించారు.

ఇక అసలైన పెయింటింగు. వెనక ప్యానెల్ మీది గాటు రేకు దాకా దిగింది, గాటు అడుగున సన్నగా తుప్పు మొదలైంది. దీనికి రంగు తప్ప మార్గం లేదు, ఆలస్యం చేయడమూ మంచిది కాదు. కానీ తలుపుల పని పూర్తయిన సమయానికి ముసురు పట్టింది. మేస్త్రీ గారు వాన తెరిపి ఇచ్చేదాకా ఆగుదామన్నారు. హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్ అనే రసాయనం గాలిలోని తేమతో కూడా చర్య జరుపుతుంది, అలా పుట్టిన వాయువు పూతలో చిక్కుకుంటే సన్నని బుడగలు వస్తాయి, మెరుపు తగ్గుతుంది. రంగు కొట్టే గన్‌కు గాలి అందించే కంప్రెసర్‌కు తేమను వడకట్టే ఏర్పాటు ఉన్నా, ముసురులో రిస్కు ఎందుకన్నారు. అందాకా తుప్పు పెరగకుండా గాటును శుభ్రం చేసి, ప్రైమర్ పూసి పంపించారు. కస్టమర్‌ను తొందరగా సాగనంపి డబ్బు తీసుకోవడం సులువైన చోట ఆగుదామని చెప్పగలగడం నాకు ఎంతో గౌరవం కలిగించింది.

వాతావరణం తేటపడ్డాక మొదలైన పనిలో చూసిన క్రమం ఇది. గాటు చుట్టూ పూతలను మెట్లు మెట్లుగా అరగదీసి, అంచు వేలికి తెలియకుండా కలిపారు. తుప్పును పూర్తిగా తీసేశాక తుప్పు నిరోధక ప్రైమర్ వేశారు. పుట్టీ, అంటే మన షెడ్డుల్లో లప్పం అనేది, గాటు మేర మాత్రమే పలచగా పెట్టారు. లప్పం రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే కాలక్రమంలో కుంగడానికో పగలడానికో అవకాశం ఉంటుంది. సొట్టను సరిచేయకుండా లప్పంతో నింపే షెడ్డుల్లో ఏడాది తిరిగేసరికి కనిపించే పగుళ్లకు కారణం ఇదే. లప్పం మీద మళ్లీ ప్రైమర్ వేసి, దాని మీద పలచగా నల్ల పొడి అద్ది, ఆ నలుపు పూర్తిగా పోయేదాకా పేపరు పట్టారు. ఎక్కడైనా నల్ల మచ్చ మిగిలితే అక్కడ పల్లం ఉందని అర్థం. చిన్న పనే, కానీ దీన్ని దాటవేసిన చోట రంగు వేశాక ఎండలో అలలు కనిపిస్తాయి.

రంగు కలపడం గురించి కాస్త ఎక్కువగానే రాస్తాను, ఎందుకంటే వెండి రంగు కారు యజమానుల బాధంతా అక్కడే ఉంది. కోడ్ తెలిస్తే రంగు దొరికినట్టేనని చాలామంది అనుకుంటారు. కోడ్ వంట పుస్తకంలోని కొలత లాంటిది, చేతిని బట్టి రుచి మారుతుంది. ఒకే కోడ్‌కు ఫ్యాక్టరీలో కాలాన్ని బట్టి, తయారీ విడతను బట్టి స్వల్పమైన తేడాలు వస్తాయి. అందుకే రంగుల కంపెనీలు ఒకే కోడ్ కింద కొన్ని ఉపరకాల మిశ్రమాలు ఇస్తాయి. దానికి తోడు కారు కొన్నేళ్లు ఎండలో నిలబడి ఉంటుంది. తెల్ల కారుకు ఈ తేడా అంతగా కనిపించదు. వెండి రంగులో మాత్రం అల్యూమినియం రేణువులు ఉంటాయి. అవి పూతలో ఏ కోణంలో పడుకున్నాయన్న దాన్ని బట్టి ఎదురుగా చూసినప్పుడు ఒక ఛాయ, పక్కనుంచి చూసినప్పుడు మరో ఛాయ వస్తుంది. గన్ ఒత్తిడి తగ్గించి తడిగా కొడితే రేణువులు లోపలికి దిగి రంగు ముదురుగా కనిపిస్తుంది. పొడిగా కొడితే పైకి తేలి లేతగా కనిపిస్తుంది. అంటే ఒకే డబ్బాలోని రంగు ఇద్దరు పెయింటర్ల చేతుల్లో రెండు రంగులవుతుంది.

అందువల్ల వెండి రంగుకు సరైన పద్ధతి ఏమిటంటే, గ్రాముల తూకంలో కలిపిన రంగును ముందు ఒక కార్డు మీద, కారు మీద కొట్టబోయే ఒత్తిడితోనే కొట్టి, క్లియర్ కూడా వేసి, ఆరాక కారు పక్కన పట్టి పగటి వెలుతురులో మూడు కోణాల నుంచి చూడాలి. వెనక ప్యానెల్ కోసం ఈ షెడ్డు అలాగే చేసింది. మొదటి కార్డు పక్కనుంచి చూస్తే ముదురుగా ఉందని మళ్లీ కలిపారు. రెండోది సరిపోయింది. ప్యానెల్ మొత్తానికి రంగు కొట్టకుండా, గాటు ఉన్న వెనక భాగంలో నిండుగా కొట్టి, తలుపు వైపు వచ్చేకొద్దీ పలచబరుస్తూ మధ్యలోనే కలిపేశారు. క్లియర్ మాత్రం ప్యానెల్ అంతటికీ వేశారు. దీనివల్ల తలుపు అంచు దగ్గర ఉన్నది పాత కంపెనీ రంగే, దాని పక్కన తలుపూ కంపెనీ రంగే గనక కంటికి అతుకు ఆనదు. పూర్తయ్యాక తలుపు, ప్యానెల్ కలిసే చోట ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెలుతురులో చూశాను. ఎక్కడ కొత్త రంగు మొదలైందో నేను చూపలేను. ఎండలో పెట్టిన కారును చూసి ఆటోనగర్‌లోనే పనిచేసే మరో పెయింటర్ కూడా పోల్చలేకపోయాడు. ఇది చేయి తిరిగిన పని.

అదే చేతి కింద బంపర్ మూల ఎందుకు తప్పిందో చెప్పాలి. పసుపు మరకను ముందు కాంపౌండుతో తీసేశారు, అంతవరకు బాగుంది. దాని అడుగున రంగు గరుకుదేలి ప్లాస్టిక్ బయటపడింది గనక అక్కడ కూడా రంగు అవసరమైంది. బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్ కలిసిన ప్లాస్టిక్‌తో చేస్తారు. దానికి రంగు సహజంగా పట్టదు. పట్టు కలిగించే ప్రత్యేకమైన పూత ముందుగా వేయకపోతే కొన్ని నెలలకు పెచ్చులుగా ఊడుతుంది. ఆ పూత వేశారు, చూశాను. కానీ రంగు దగ్గర ప్యానెల్‌కు కలిపిన మిశ్రమాన్నే నేరుగా వాడారు, బంపర్‌కు విడిగా కార్డు కొట్టి చూడలేదు. చాలా కార్లలో బంపర్‌ను కంపెనీలోనే బాడీతో కలపకుండా విడిగా, తక్కువ వేడిలో పెయింట్ చేస్తారు గనక కొత్త కారులోనే బంపర్‌కూ బాడీకీ కొద్దిపాటి ఛాయా భేదం ఉంటుంది. పైగా ఆ మూలలో వంపు ఎక్కువ, గన్ దగ్గరగా పట్టినట్టున్నారు, రంగు తడిగా పడింది. ఫలితంగా సాయంత్రం ఏటవాలు వెలుతురులో పక్కనుంచి చూస్తే ఆ మూల మిగతా బంపర్ కంటే ముదురుగా కనిపిస్తుంది. క్లియర్‌లో ఆవగింజంత దుమ్ము కణం ఒకటి కూడా చిక్కుకుంది. దుమ్ము కణాన్ని పాలిష్ చేసి తీసేశారు, ఛాయా భేదం మాత్రం అలాగే ఉంది. ప్యానెల్ దగ్గర అంత ఓపిక చూపినవారు బంపర్ దగ్గర ఒక కార్డు ఆదా చేయడం నాకు నిజంగా బాధ కలిగించింది. బంపర్ చిన్న పని అని చాలా షెడ్డులు అనుకుంటాయి. కారు వెనక నిలబడేవారికి మొదట కనిపించేది బంపరే.

నేను ఇంకా తీవ్రంగా తప్పుపట్టే విషయం ఒకటుంది, అది నా కారుకు సంబంధించినది కాదు. రంగు కొట్టడానికి మూసి కట్టిన గది, అంటే బూత్ లోపల రంగు కొట్టిన పెయింటర్ ఆవిరిని వడకట్టే కార్ట్రిడ్జ్ మాస్కు, చేతి తొడుగులు వేసుకున్నాడు. బూత్ బయట ఒక చిన్న భాగానికి క్లియర్ కొడుతున్న కుర్రవాడి ముఖానికి మాత్రం జేబురుమాలు ఒక్కటే ఉంది. హార్డెనర్‌లోని ఐసోసయనేట్ తుంపరలు ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసం రావచ్చు. ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే, తరవాత అతి కొద్ది మోతాదు కూడా దగ్గునూ ఆయాసాన్నీ తెస్తుంది, ఆ మనిషి ఆ వృత్తినే వదులుకోవాల్సి వస్తుంది. జేబురుమాలు దాన్ని ఏమాత్రం ఆపలేదు. నేను ఈ మాట యజమానితో అక్కడే చెప్పాను. మాస్కులు ఉన్నాయి, పిల్లలే పెట్టుకోరు అన్నది ఆయన జవాబు. అది జవాబు కాదు. మాస్కు లేకుండా గన్ ముట్టుకోనివ్వకపోవడం యజమాని బాధ్యత. పని ఇచ్చే మనం కూడా షెడ్డులో అడుగుపెట్టినప్పుడు రంగు డబ్బా మీద పేరుతో పాటు కొట్టేవాడి ముఖం వైపు కూడా చూడాలని నా అభ్యర్థన.

ఖర్చు సంగతి. తలుపుల పాలిషింగుకు 1,500 రూపాయలు, వెనక ప్యానెల్‌కు 4,500, బంపర్ మూలకు 2,500, మొత్తం 8,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,530 కలిపి 10,030 రూపాయలకు బిల్లు ఇచ్చారు. మొదట అడిగిన చోట్ల నాలుగు భాగాలకూ రంగు అన్నప్పుడు చెప్పిన మొత్తం దీనికి దాదాపు రెట్టింపు. వాడిన క్లియర్, హార్డెనర్ ఏ కంపెనీవో బిల్లు మీద రాయమంటే రాశారు. ఇది అడిగి రాయించుకోవడం మంచిది, చౌక క్లియర్ వేసి మంచి కంపెనీ పేరు నోటితో చెప్పే అలవాటు ఈ రంగంలో ఉంది.

బీమా క్లెయిమ్ ఎందుకు పెట్టలేదని అడిగేవారికి లెక్క ఇది. పాలిషింగును పక్కన పెడితే రంగు పనికి జీఎస్టీతో కలిపి 8,260. తరుగుదల కోయకుండా చేసే జీరో డిప్రిసియేషన్ సదుపాయం లేని పాలసీలో పెయింటింగ్ బిల్లులో 25 శాతాన్ని సామగ్రి ఖర్చుగా లెక్కించి, అందులో సగం తరుగుదల కింద కోస్తారు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మనం భరించాల్సిన 1,000 రూపాయలు కూడా పోతే చేతికొచ్చేది సుమారు 6,200. ఇప్పుడు నష్టం వైపు చూడాలి. క్లెయిమ్ లేని ఏళ్లకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. 50 శాతం దగ్గర ఉన్నవారు ఒక్క క్లెయిమ్ పెడితే సున్నాకు పడి, మళ్లీ మెట్టు మెట్టుగా ఎక్కాలి. ఆ ఐదేళ్లలో కోల్పోయే రాయితీలు 50, 30, 25, 15, 5, అన్నీ కలిపి ఒక ఏడాది సొంత నష్టం ప్రీమియంలో, అంటే మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 125 శాతం. బోనస్‌కు ముందు ఆ ప్రీమియం 6,000 అనుకుని, అది మారదనుకుంటే, నష్టం 7,500. గీతల మరమ్మతుకు బీమా వాడుకోవాలా అన్నది ప్రతివారూ కాగితం మీద ఇలా వేసుకుని తేల్చుకోవాల్సిన విషయం. "ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం, మీకేం ఖర్చు?" అనే సలహా ఎక్కువసార్లు షెడ్డు లాభం కోసమే వస్తుంది.

ఈ షెడ్డులో సిరామిక్ కోటింగ్ కూడా చేస్తారు. గీతలు పడకుండా ఉంటాయా అని అడిగితే ఉండవని నిజమే చెప్పారు. అది అతి పలచని పూత. నీరు, మురికి జారిపోవడానికి, కడగడం తేలిక కావడానికి పనికొస్తుంది. తాళం చెవినో బైకు హ్యాండిల్‌నో ఆపలేదు. వాటిని కొంతవరకు ఆపేది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే పారదర్శకమైన ఫిల్మ్, దాని ధర వేరు స్థాయి. ఇక బజారులో దొరికే టచప్ పెన్నులను రాయి తగిలి లేచిన చిన్న చుక్కలకు, తుప్పు పట్టకుండా ఆపడానికి వాడవచ్చు. పొడవైన గీత మీద వాటిని నడిపిస్తే గీత కంటే పెన్ను గీతే ఎక్కువ కనిపిస్తుంది.

కారు ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చారు: వారం రోజులు వాషింగ్ వద్దు, నెల రోజులు మైనం పూత వద్దు, కొత్త రంగు మీద పక్షి రెట్ట పడితే వెంటనే తడి గుడ్డతో తీసేయాలి. లోపల మిగిలిన ద్రావకాలు పూర్తిగా ఆవిరి కావడానికి ఆ గడువు కావాలి. తలుపుల మీది సన్నటి గీతల్లో చాలావరకు పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము దులపడం వల్ల వచ్చినవేనని కూడా మేస్త్రీ గారు చెప్పారు. అపార్ట్‌మెంట్లలో కార్లు తుడిచేవారు ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో వరసగా అన్ని కార్లనూ తుడుస్తారు, ముందు కారు ఇసుక తరవాతి కారు మీద గీస్తుంది. మా కారు తుడిచే అతనికి విడిగా మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చి, ముందు నీళ్లు పోసి దుమ్ము కరిగాకే తుడవమని చెప్పాను. ఆయుధ పూజకు బానెట్ మీద పెట్టే పసుపు, కుంకుమ బొట్లను కూడా ఆ సాయంత్రమే నీళ్లతో కడిగేస్తే మేలు. లేత రంగు కార్ల మీద ఎండకు ఎండితే మరక మిగలవచ్చు, దాన్ని గట్టిగా రుద్దితే గీతలు పడతాయి.

వెండి, బూడిద, ఎరుపు లోహపు రంగుల కార్లున్నవారికి ఈ షెడ్డు తరహా పనిని నేను నమ్మకంగా సూచిస్తాను, అయితే బంపర్‌తో సహా రంగు పడే ప్రతి భాగానికీ విడిగా కార్డు కొట్టి చూపించాలని ముందే మాట తీసుకోవాలి. అడుగు రంగు మీద మరో ముత్యపు పూత, ఆపైన క్లియర్ ఉండే మూడు పొరల ముత్యపు తెలుపు కార్లకైతే, అదే రంగు కారుకు వారు ఇంతకుముందు చేసిన పనిని పగటి వెలుతురులో కళ్లారా చూశాకే తాళాలు ఇవ్వాలి. నా బంపర్ మూల సంగతి చెప్పగానే యజమాని వాదించలేదు, తేడా తానూ చూసి, కూలి లేకుండా మళ్లీ వేస్తానని బిల్లు వెనక రాసి సంతకం పెట్టారు. కార్డు కొట్టి చూపించే రోజున నేను దగ్గరుండాలని, కొట్టే కుర్రవాడికి మాస్కు ఉండాలని చెప్పాను, రెండింటికీ ఒప్పుకున్నారు.